ముఖానికి పూత, కిడ్నీకి వాత

చిన్న ప్లాస్టిక్ డబ్బా. మూత మీద ఓ అందగత్తె బొమ్మ, పక్కన అరబ్బీలోనో ఉర్దూలోనో నాలుగక్షరాలు. తయారుచేసినవాడి పేరుండదు, ఊరుండదు, లైసెన్సు నంబరుండదు, బ్యాచ్ నంబరుండదు. అడిగితే "దుబాయ్ సరుకు, వారంలో తేడా మీకే తెలుస్తుంది" అంటారు. నిజంగానే తెలుస్తుంది. భయపడాల్సింది అందుకే. అంత త్వరగా రంగు తేల్చే క్రీములో పాదరసం ఉండే అవకాశం చాలా ఎక్కువ.

అలాంటి డబ్బా మీ ఇంట్లో ఉంటే ఈ రాత్రి నుంచే వాడకం ఆపండి. వాడుతున్నవాళ్లలో ఎవరికైనా పొద్దున లేచేసరికి కళ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి పాదాల్లో వాపు, మూత్రంలో ఎంతకీ చెదరని నురగ కనిపిస్తుంటే ఈ వారం దాటకుండా మూత్రపరీక్ష చేయించండి. వందో రెండొందలో ఖర్చయ్యే పరీక్ష అది. ఇంత తొందర ఎందుకో కింద చదవండి.

కేరళలో మలప్పురం జిల్లా కొట్టక్కల్ ఆస్టర్ మిమ్స్ ఆసుపత్రిలో సజీష్ శివదాస్, రంజిత్ నారాయణన్ అనే ఇద్దరు నెఫ్రాలజిస్టులు 2021 జులై నుంచి 2023 సెప్టెంబరు దాకా వచ్చిన మెంబ్రేనస్ నెఫ్రోపతీ కేసులను ఒకచోట పేర్చి చూశారు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే కిడ్నీల వడపోత పొర మీద దాడికి దిగే జబ్బు ఇది. మొత్తం 22 కేసులు. వాటిలో 15 మందికి బయాప్సీలో 'నెల్-1' అనే ప్రొటీన్ తగిలింది. ఈ జబ్బులో నెల్-1 రకం అరుదు. అరుదైనది మూడింట రెండొంతులు కనిపించిందంటే ఏదో ఒకటి అందరికీ కామన్‌గా ఉండాలి. గుచ్చి గుచ్చి అడిగితే ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీము వాడామని ఒప్పుకొన్నారు. మిగిలిన ఇద్దరిలో ఒకరు నాటుమందు తిన్నవారు. ఒక రోగికి మెదడు సిరలో రక్తం గడ్డకట్టింది. ఈ వివరాలన్నీ 'కిడ్నీ ఇంటర్నేషనల్' పత్రికలో అచ్చయ్యాయి. అందులోనే ఊరటనిచ్చే మాటా ఉంది: క్రీము మానేశాక ఎక్కువమందికి జబ్బు సర్దుకుంది, కిడ్నీల పనితీరు అందరిలోనూ నిలబడింది.

మహారాష్ట్రలోని అకోలాలోనూ ఒకే ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లు, తల్లీ ఇద్దరు కూతుళ్లూ, కిడ్నీ జబ్బు పాలయ్యారు. బ్యూటీపార్లర్ నుంచి తెచ్చిన క్రీమే ముగ్గురికీ కారణమని ముంబయి కేఈఎం ఆసుపత్రిలో తేలింది.

కొట్టక్కల్‌లో అమ్ముడైన సరుకు మన ఊళ్లకు రాదనుకోవడం అమాయకత్వం. గల్ఫ్ దారి మలప్పురానికి ఎంత దగ్గరో జగిత్యాలకూ నిజామాబాద్‌కూ కోనసీమకూ కడపకూ అంతే దగ్గర. సెలవుకొచ్చిన మనిషి సూట్‌కేసులో ఖర్జూరం, అత్తరు పక్కన ఈ డబ్బాలు రెండు మూడు ఉంటాయి. ఫోనులో ఆర్డరు పెడితే ఇంటికే వస్తాయి. పెళ్లి కుదిరిన ఇంట్లో నెల ముందు నుంచీ పార్లర్‌వాళ్లు సొంతంగా కలిపిన 'నైట్ క్రీము' ఒకటి తిరుగుతుంటుంది. ఆడపిల్లల సంగతే కాదు, ఇప్పుడు మగపిల్లలూ రాస్తున్నారు.

ఇంతకీ ముఖానికి రాసింది కిడ్నీదాకా ఎలా పోతుంది?

చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారు కావాలంటే టైరోసినేజ్ అనే ఎంజైము పనిచేయాలి. దానికి రాగి అవసరం. పాదరసం ఆ రాగి పనికి అడ్డుపడుతుంది, మెలనిన్ తగ్గుతుంది, ముఖం రంగు తేలుతుంది. కంపెనీవాడు చెప్పింది అక్కడివరకు అబద్ధం కాదు. కానీ పాదరసం చర్మం మీదే ఆగదు. రోమకూపాల గుండా, చెమట గ్రంథుల గుండా లోపలికి దిగి రక్తంలో కలుస్తుంది. ఒంట్లోకి చేరిన ఈ రకం పాదరసం ఎక్కువగా పేరుకునేది కిడ్నీల్లోనే. వాడకం ఆపినా అది పూర్తిగా బయటికి పోవడానికి నెలలు పడుతుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పాదరసం విషం కాబట్టి కిడ్నీని నేరుగా కాల్చేస్తుందని అనుకుంటారు. పెద్ద మోతాదులో కడుపులోకి పోతే అదీ జరుగుతుంది. క్రీములతో జరిగేది మాత్రం వేరు. కొద్దికొద్దిగా, రోజూ, నెలల తరబడి లోపలికి దిగిన పాదరసం రోగనిరోధక వ్యవస్థను దారి తప్పిస్తుంది. కిడ్నీ మీద దెబ్బ వేసేది మన సొంత యాంటీబాడీలు.

ఒక్కో కిడ్నీలో గ్లోమెరులస్ అనే సన్నని రక్తనాళాల చుట్టలు సుమారు పది లక్షలు ఉంటాయి. రెండు కిడ్నీల్లో కలిపి రోజుకు 180 లీటర్ల దాకా ద్రవం వాటిగుండా వడపోతకు వెళుతుంది. అది ఎంత సన్నని జల్లెడ అంటే నీరు, ఉప్పు, యూరియా దిగుతాయి గానీ ఆల్బుమిన్ అనే ప్రొటీన్ దాదాపుగా దిగదు. నెల్-1 ప్రొటీన్ వచ్చి ఆ పొర వెలుపలి అంచున చేరుతుంది. యాంటీబాడీలు దానికి అతుక్కుంటాయి. వాటి వెనకే కాంప్లిమెంట్ అనే రక్షణదళం వచ్చి, శత్రువు దొరికాడనుకుని, పొరను పట్టి ఉంచే పోడోసైట్ కణాలనే గాయపరుస్తుంది. దాంతో ఆల్బుమిన్ మూత్రంలోకి జారుతుంది.

ల్యాబులో దీన్ని కంటితో చూడొచ్చు. సూదితో తీసిన కిడ్నీ ముక్కకు యాంటీబాడీలను పట్టించే రంగు పూసి, చీకటి గదిలో ఫ్లోరసెంట్ మైక్రోస్కోపు కింద పెడితే నల్లని నేపథ్యం మీద గ్లోమెరులస్ మెలికలు ఆకుపచ్చగా వెలుగుతాయి. అంచుల వెంట నూకల్లాంటి చుక్కలు. ఆరోగ్యవంతుడి కిడ్నీలో అక్కడ వెలుగు ఉండదు. ప్రతి చుక్కా యాంటీబాడీలు పేరుకున్న చోటే.

మూత్రంలో రోజుకు మూడున్నర గ్రాములకు మించి ప్రొటీన్ పోతుంటే దాన్ని నెఫ్రోటిక్ స్థితి అంటారు. రక్తంలో ఆల్బుమిన్ పడిపోతుంది, నీరు కణజాలంలోకి దిగి వాపు వస్తుంది, కొలెస్టరాల్ పెరుగుతుంది. రక్తం గడ్డకట్టకుండా చూసే ప్రొటీన్లూ మూత్రంలో కొట్టుకుపోతాయి గనుక కాళ్లలో, ఊపిరితిత్తుల్లో, ఒక్కోసారి మెదడులో గడ్డలు కట్టే ముప్పు ఉంటుంది. కొట్టక్కల్ రోగికి వచ్చింది అదే. రోగాలతో పోరాడాల్సిన యాంటీబాడీలు కూడా కొంత పోతాయి కాబట్టి ఇన్ఫెక్షన్లు చుట్టుముడతాయి. కిడ్నీల పనితీరును చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ మాత్రం చాలాకాలం నార్మల్‌గానే ఉంటుంది. "కిడ్నీ టెస్ట్ చేయించాం, బాగానే ఉంది" అని చాలామంది క్రియాటినిన్ రిపోర్టు చూపిస్తారు. ఈ జబ్బును మొదట పట్టించేది రక్తపరీక్ష కాదు, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష.

ఈ సంగతి ఇంత వివరంగా తెలియడానికి అరవై ఏళ్లు పట్టింది. 1959లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో వాల్టర్ హేమన్ అనే వైద్యుడు ఎలుకల్లో ఇలాంటి జబ్బును పుట్టించి, ఇది రోగనిరోధక వ్యవస్థ పని అని చూపించాడు. మనుషుల్లో యాంటీబాడీ గురిపెట్టేది దేనిమీద అన్నది తేల్చడానికి మరో యాభై ఏళ్లు. 2009లో బోస్టన్‌లో లారెన్స్ బెక్, డేవిడ్ శాలంట్ బృందం 'పీఎల్‌ఏ2ఆర్' అనే లక్ష్యాన్ని పట్టుకుంది. ఎక్కువమంది రోగుల్లో ఉండేది అదే. 2020లో మేయో క్లినిక్‌లో సంజీవ్ సేఠీ బృందం నెల్-1ను కనిపెట్టింది. అంతకుముందు ఈ రోగులందరినీ ఒకే పేరుతో పిలిచి, ఒకే మందు వేసేవారు. నెల్-1 పేరు తెలిశాకే కొట్టక్కల్ డాక్టర్లు ఆ పదిహేను మందిని విడదీసి, వాళ్లందరిలో ఉమ్మడిగా ఉన్నదేమిటని వెతకగలిగారు.

"మా అక్క రెండేళ్లుగా రాస్తోంది, ఆమెకేం కాలేదే" అనే మాట ఎక్కడికెళ్లినా వినిపిస్తుంది. దానికి జవాబు ఎలుకలు ఎప్పుడో ఇచ్చాయి. బ్రౌన్ నార్వే అనే జాతి ఎలుకలకు కొద్దిపాటి మెర్క్యూరిక్ క్లోరైడ్ ఇస్తే వాటి రోగనిరోధక వ్యవస్థ తిరగబడి కిడ్నీ జబ్బు వస్తుంది. లూయిస్ జాతి ఎలుకలకు అదే ఇచ్చినా ఆ జబ్బు రాదు. తేడా మోతాదులో లేదు, పుట్టుకతో వచ్చిన జన్యువుల్లో ఉంది. మీరు ఏ జాతో ముందుగా చెప్పే పరీక్ష బజారులో దొరకదు. అక్కకు కాలేదన్నది చెల్లెలికి హామీ కాదు.

ఇది కొత్త వింత కూడా కాదు. 1972లోనే నైరోబీ వైద్యులు నెఫ్రోటిక్ రోగుల్లో సగానికి పైగా చర్మం తెల్లబరిచే పాదరసపు క్రీములు వాడినవాళ్లేనని బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. యాభై ఏళ్లు గడిచాక అదే కథ మలప్పురంలో. డబ్బా మీద బొమ్మ మారిందంతే.

అన్నిటికంటే ఆందోళన కలిగించేది డాక్టరు గదిలో జరిగే సంభాషణ.

"ఏమైనా మందులు వాడుతున్నావా అమ్మా?"

"లేదండీ."

"ఆయుర్వేదం, పసరు, నాటుమందు?"

"అవేం లేవండీ."

అమ్మాయి అబద్ధమాడలేదు. ఆమె లెక్కలో క్రీము మందు కాదు. ఒకవేళ గుర్తొచ్చినా పక్కన అత్తగారు కూర్చుని ఉంటే, తెల్లబడటానికి రాస్తున్నానని నోరు విప్పి చెప్పగలదా? ఆ ఒక్క జవాబు తప్పిపోతే తర్వాత జరిగేది చూడండి. నెల్-1 రకం జబ్బు క్యాన్సర్ ఉన్నవాళ్లలోనూ కనిపిస్తుంది. కాబట్టి డాక్టరు తన ధర్మంగా స్కాన్లు, మామోగ్రామ్, ఎండోస్కోపీ రాస్తాడు. ఇంటిల్లిపాదీ నెలరోజులు క్యాన్సర్ భయంతో నిద్రపోరు. ఏమీ దొరక్కపోతే స్టెరాయిడ్లు, సైక్లోఫాస్ఫమైడ్, రిటుక్సిమాబ్ వంటి ఇమ్యూనిటీని అణచే మందులు మొదలవుతాయి. ఖర్చు ఒకెత్తు, ఇన్ఫెక్షన్లు ఒకెత్తు. సైక్లోఫాస్ఫమైడ్‌తో సంతానయోగ్యత దెబ్బతినే ముప్పు కూడా ఉంది. పెళ్లి కావాల్సిన పిల్లకు ఇది చిన్న మాట కాదు. ఇవన్నీ చేస్తూనే రాత్రి పడుకునేముందు ఆ అమ్మాయి క్రీము రాసుకుంటూనే ఉంటుంది. కారణం తెలిసి ఆపినవాళ్లలో చాలామందికి టెల్మిసార్టన్, లోసార్టన్ వంటి ప్రొటీన్ తగ్గించే మాత్రలు, వాపు దించే మాత్రలు, కొన్ని నెలల ఓపిక సరిపోయాయి.

కాబట్టి నెఫ్రాలజిస్టులకూ ఒక మనవి. "మందులు వాడుతున్నారా" అన్న ప్రశ్నతో సరిపెట్టకండి. "ముఖానికేం రాస్తారు" అని విడిగా అడగండి, బంధువులను బయట కూర్చోబెట్టి అడగండి. కేసుషీటులో దానికో గడి పెట్టండి.

నాటుమందుల సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2022లో చెన్నైకి చెందిన కిడ్నీ పాథాలజీ నిపుణుల బృందం నెల్-1 రోగుల్లో సంప్రదాయ మందులు వాడినవాళ్లు చెప్పుకోదగ్గ సంఖ్యలో ఉన్నారని, వాళ్లు తిన్న మందుల్లో పాదరసం ఉందని తేల్చింది. మన రసశాస్త్రంలో పాదరసం, ఇంగిలీకం, రసకర్పూరం శతాబ్దాలుగా ఉన్నవే. చట్టం వాటిని నిషేధించలేదు. ఔషధ నియమావళిలోని ఈ(1) షెడ్యూలు వాటిని విషద్రవ్యాల జాబితాలో పెట్టి, వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక లేబుల్ మీద ఉండాలంది. చదువుకున్న వైద్యుడు కొలిచి, గడువు పెట్టి ఇవ్వడం వేరు. సంతలో, బస్టాండు పక్క గుడారంలో కాగితంలో పొట్లం కట్టి ఇచ్చే నల్లని గుండ, ఎర్రని గుండ వేరు. మోకాళ్ల నొప్పులకనో, షుగరుకనో, మగతనానికనో ఆ పొట్లం తిన్నవాళ్లు కాళ్లు వాస్తే ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి.

సొంత రోగనిరోధక వ్యవస్థే దాడికి దిగే ఇలాంటి జబ్బుల్లో ఇంకో పిచ్చి గురించీ చెప్పాలి. కోవిడ్ తర్వాత మొదలైన ఇమ్యూనిటీ పెంచుకోవడం అది. కషాయం నుంచి చాక్లెట్ దాకా అన్నిటి మీదా అదే మాట. మెంబ్రేనస్ నెఫ్రోపతీ, లూపస్, ఐజీఏ నెఫ్రోపతీ వంటి జబ్బులున్న మనిషికి లేనిది ఇమ్యూనిటీ కాదు, దానికి కళ్లెం. ఆ కళ్లెం కోసమే డాక్టరు మందులిస్తాడు. ఒకవైపు అవి మింగుతూ, ఇంకోవైపు చుట్టాలు పంపిన 'ఇమ్యూనిటీ బూస్టర్' తాగడంలో అర్థం లేదు. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఇది మరీ ప్రమాదం. మార్చిన కిడ్నీని పరాయిదని తోసిపుచ్చకుండా టాక్రోలిమస్ అనే మందు కాపలా కాస్తుంటే, ఆ మందు మోతాదును అటూఇటూ చేసే ఆకులూ వేర్లూ అడక్కుండా తినకూడదు.

కిడ్నీ జబ్బు అనగానే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం మాట వస్తుంది కనుక ఒక్క ముక్క. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు పల్లెల్లో జనాన్ని తినేస్తున్న కిడ్నీ జబ్బు, క్రీములతో వచ్చే ఈ జబ్బు ఒకటి కాదు. అక్కడ దెబ్బతినేది ప్రధానంగా వడపోత పొర కాదు, ఆ తర్వాతి గొట్టాలు. మూత్రంలో ప్రొటీన్ పెద్దగా పోదు, నురగ రాదు, క్రియాటినిన్ చప్పుడు లేకుండా పెరుగుతుంది. అక్కడివాళ్లు నురగ కోసం ఎదురుచూడకూడదు. క్రియాటినిన్ పరీక్ష ముఖ్యం. రెంటినీ కలిపి అందరికీ ఒకే సలహా ఇచ్చేవాళ్లను నమ్మకండి.

ఇక చట్టం. 2020 నాటి సౌందర్య సాధనాల నియమావళి ప్రకారం క్రీములో పాదరసం కావాలని కలపకూడదు, తెలియకుండా చేరినా పది లక్షల వంతుల్లో ఒక వంతు మించకూడదు. కంటిచుట్టూ వాడేవాటికి మాత్రం 70 వంతుల దాకా సడలింపు. పాదరసంపై మినమాటా ఒప్పందాన్ని మన దేశం 2018లో ఆమోదించింది. 2023లో జెనీవాలో కూర్చున్న దేశాలు పాదరసం కలిపిన సౌందర్య సాధనాలన్నిటినీ 2025 కల్లా మాన్పించాలని తీర్మానించాయి. కాగితం మీద లోటేమీ లేదు. కేరళ ఔషధ నియంత్రణ శాఖ 'ఆపరేషన్ సౌందర్య' పేరుతో దుకాణాల మీద పడి, నమూనాలు తీసి ల్యాబుకు పంపింది. మన రెండు రాష్ట్రాల ఔషధ నియంత్రణ అధికారులు అదే పని ఈ పెళ్లిళ్ల సీజను ముగియకముందే చేయాలి. హైదరాబాద్ బేగంబజార్, విజయవాడ వన్‌టౌన్ హోల్‌సేల్ దుకాణాల నుంచి మొదలుపెట్టొచ్చు. పార్లర్‌లలో పేరులేని డబ్బాలు దొరికితే దాన్ని చిల్లర తప్పుగా వదిలేయకూడదు. ఫలానా బ్రాండు కొనకండి అని పేర్లు రాయడం మాకు చేతకాక కాదు. ఒక పేరు రాస్తే వారంలో అదే క్రీము ఇంకో పేరుతో వస్తుంది.

పేరు బదులు లేబుల్ చూడండి. దిగుమతి సరుకైతే దిగుమతిదారు పేరు, చిరునామా, రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. అవి లేకపోతే కొనకండి. కాలోమెల్, మెర్క్యురస్ క్లోరైడ్, మెర్క్యూరిక్ అయొడైడ్, అమ్మోనియేటెడ్ మెర్క్యురీ, సిన్నబార్ అన్న మాటల్లో ఏది కనిపించినా అది పాదరసమే. ఇంకో గుర్తు కూడా ఉంది. కొన్ని డబ్బాల మీద బంగారం, వెండి, అల్యూమినియం, రబ్బరుకు తగలనివ్వద్దని రాసి ఉంటుంది. పాదరసం తగిలితే బంగారం తెల్లబడుతుందని మన కంసాలి ఎవరిని అడిగినా చెబుతాడు. మెడలో గొలుసుకు తగలకూడనిది మెడకు ఎలా రాస్తాం?

ఇంట్లో ఒక్కరు రాసుకుంటే ఆ ఒక్కరితో పోదు. దిండు గలీబుకు, తువ్వాలుకు, తల్లి చెంపను నిమిరే పసివాడి చేతికి అంటుకుంటుంది. క్రీము రాయని ఇంటివాళ్ల మూత్రంలోనూ పాదరసం ఎక్కువగా ఉన్నట్టు 2010లో అమెరికాలోని కాలిఫోర్నియా, వర్జీనియాల్లో తేలింది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు దాని జోలికే పోకూడదు. పసిపిల్లలున్న ఇంట్లో మూత్రపరీక్ష అందరికీ చేయించడం మంచిది.

మానేశాక ముఖం మళ్లీ నల్లబడుతుంది. కొందరికి ముందుకంటే ఎక్కువగా కూడా. అది చూసి హడలిపోయి మళ్లీ డబ్బా తెరిచేవాళ్లున్నారు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, అవసరమైతే చర్మవైద్యుణ్ని కలవాలి. మెడికల్ షాపులో అడిగి స్టెరాయిడ్ క్రీము తెచ్చుకోవడం మాత్రం వద్దు, అది ఇంకో గొయ్యి.

లక్షణాలు ఉన్నవాళ్లు డబ్బాను చెత్తలో పారేయకండి, సింకులో కడగకండి. రెండు ప్లాస్టిక్ కవర్లలో పెట్టి బిగించి, రిపోర్టులతోపాటు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. డ్రగ్ ఇన్‌స్పెక్టరు పరీక్షకు పంపాలన్నా, అమ్మినవాణ్ని పట్టుకోవాలన్నా ఆ డబ్బా కావాలి. క్రీము మొదలుపెట్టిన నెల, ఆపిన తేదీ కేసుషీటులో రాయించండి. ప్రొటీన్ తగ్గుతోందా, ఇంకో మందు అవసరమా అన్నది డాక్టరు ఆ తేదీ నుంచే లెక్క చూస్తారు.